పదకొండో జాయింటు

పలాస దాటి ఉద్దానం వైపు గ్యాస్ పైపులు వేస్తున్న రోజుల్లో నేను అక్కడ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. మాది టెక్కలి. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండో నెల. పైపుల వెంట హెల్మెట్ పెట్టుకుని తిరిగే ఆడపిల్లని జీడితోటల్లో వాళ్లు పని ఆపి మరీ చూసేవారు.

ఆ పైపుల ఉక్కు మామూలుది కాదు, ఎక్స్-70 రకం. గోడ మరీ మందంగా లేకపోయినా లోపలి గ్యాస్ ఒత్తిడికి తట్టుకుంటుంది. అయితే అంత బలమైన ఉక్కుకి వెల్డింగ్‌లో తేమ పడదు. తేమలోని హైడ్రోజన్ లోహంలోకి దూరి, జాయింటు చల్లారాక, ఒక్కోసారి మర్నాటికి, లోపల చీలిక తెస్తుంది. అందుకే వెల్డింగ్ రాడ్లను వాడేదాకా చిన్న ఓవెన్‌లో వేడిగా ఉంచాలి. సముద్రపు గాలి తగిలేచోట ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ.

మా వెల్డర్లలో పెద్దాయనది బారువ. ఇంట్లో అందరూ సముద్రంలో చేపల వేటకెళ్తే ఆయనొక్కడూ గుజరాత్ వెళ్లి ఈ పని నేర్చుకున్నాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఒక ఉదయం టీ కూడా తాగకుండా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నిన్న నాను ఏసిన పదకొండో జాయింటు కోయించెయ్."

"అదేటి బాబాయ్? సాయంత్రమే ఎక్స్‌రే తీశారు కదా. ఫిల్ము నేనే చూశాను. బాగుంది."

"నిన్న వానలో నా ఓవెన్ ప్లగ్గు ఊడిపోనాది. సూసేతలికి రాడ్లు సల్లారిపోయున్నాయి. మార్సడానికి బద్దకించి నాలుగు వాడేశాను. నిన్నటి ఎక్స్‌రే ఇయాల్టి సంగతి సెప్పదమ్మా."

సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఆయన విసుక్కున్నాడు.

"పాసైపోయినదాన్ని ఎందుకు కెలకడం మేడమ్? రేపు గోతిలోకి దించాలి."

నిజం చెప్పాలంటే, ఆయన మాటే నిజమైతే బాగుండుననిపించింది. చేరి రెండు నెలలైనా కాకుండా నా సంతకంతో పని ఆగిపోతుంది. కానీ వెల్డరే చెప్పాక విననట్టు ఉండలేకపోయాను. శబ్ద తరంగాలతో లోపలి చీలికల్ని వెతికే అల్ట్రాసోనిక్ పరీక్ష చెయ్యమని రాసిచ్చాను. సన్నటి చీలికలు ఎక్స్‌రేకి ఒక్కోసారి చిక్కవు.

మధ్యాహ్నం పరీక్ష చేసేవాడు వచ్చి పైపు చుట్టూ నెమ్మదిగా ప్రోబ్ తిప్పాడు. కింది భాగంలో ఒకచోట మెషీన్ తెర మీద గీత పైకి లేచింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే లేచింది. వేలు పొడుగు చీలిక ఉంది.

ఆ జాయింటు కోసి తీసేశారు. ఖాళీలో చిన్న పైపు ముక్క పెట్టాలి కాబట్టి ఒకటి పోయినచోట రెండు జాయింట్లు పడ్డాయి. బాబాయ్‌ని వెల్డింగ్ నుంచి తప్పించి గ్రైండింగ్‌కి పెట్టారు. రిపోర్టులో కారణం అన్నచోట "వెల్డర్ నిర్లక్ష్యం" అని రాయమన్నాడు సూపర్‌వైజర్. అది నిజమే కాబట్టి రాశాను. దాని కింద, తప్పు జరిగిందని ఆ వెల్డరే స్వయంగా వచ్చి చెప్పాడనీ రాశాను.

"అది అవసరం లేదు మేడమ్."

"అవసరమే సార్," అన్నాను. కొట్టెయ్యలేదు.

రెండు వారాలకి బాబాయ్‌కి మళ్లీ వెల్డింగ్ పరీక్ష పెట్టారు. ఆయన వెల్డ్ చేసిన ముక్కని మెషీన్‌లో పెట్టి గుర్రపు నాడాలా వంచారు. ఎక్కడా పగుల్లేదు. రైలు పట్టాల కింద దించాల్సిన పైపు జాయింట్లకి ఆయన్నే పంపారు.

అక్కడ పని చూస్తూ అడిగాను.

"ఆ రోజు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా బాబాయ్?"

"మా అప్పని, అదే మా అక్కని, ఆ పక్కూరే ఇచ్చాం. ఆళ్ల జీడితోట ఆ జాయింటుకి రెండు మళ్ల అవతలుంది," అన్నాడు. ఓవెన్‌లోంచి రాడ్డు తీసుకుంటూ, "వేరే సోటైతే సెప్పుదునో లేదో నాకూ తెల్దమ్మా," అన్నాడు.

ఆయన ముసుగు దించుకుని పనిలో పడ్డాడు. ఆ జాయింట్లని వెంటనే ఒకసారి, మర్నాడు మరోసారి పరీక్ష చేయించాను. రెండుసార్లూ బాగానే ఉన్నాయి. సంతకం పెట్టాను.