చక్రం కింది రాయి

డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. అయినా ముందు చక్రం కింద నిమ్మకాయ చితికింది. వెనక సీట్లో నా పిల్లలిద్దరూ ఫొటో కోసం నవ్వుతూ కూర్చున్నారు.

"దిష్టి మొత్తం వోయింది తియ్!" అని ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ కారు మా ఆయన వాళ్ల అన్నయ్యది, అంటే మా బావగారిది. ఎప్పుడో ఇంగ్లండులో, రేకులు ఒక్కొక్కటే సుత్తితో మలిచి చేత్తో తయారు చేసిన పెద్ద కారు. తోలు సీట్లు, ముందు సీట్ల వెనక మడిచే చిన్న చెక్క బల్లలు. అలాంటివి ఇప్పుడు ఎక్కడో గానీ కనపడవట. కుత్బుల్లాపూర్‌లో తన లేత్ షెడ్డులో మూడేళ్లు దాన్ని బాగుచేస్తూనే కూర్చున్నారు. హ్యాండ్ బ్రేకు సామాను ఒక్కటే దొరకలేదు. "రాయి వెడితె ఆగుతది గదా" అనేవారు. అలియాబాద్‌లో వాళ్ల ఇంటి ముందు వీధి వాలుగా కరీంనగర్ రోడ్డు మీదికి దిగుతుంది. పూజ అక్కడే పెట్టుకున్నారు.

కొబ్బరికాయ కొట్టారు, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. ఫొటోలో రాయి బాగుండదని బావగారే దాన్ని కాలితో పక్కకు తన్నారు. నేను చూశాను. అరిగిపోయిన బ్రేకు కాసేపు పట్టుకుంది, తర్వాత వదిలేసింది.

పరుగెత్తాను. తలుపు పిడి అందింది గానీ తిరగలేదు. రోడ్డుకు పది అడుగుల ఇవతల, ఎవరో ఇల్లు కట్టడానికి పోయించుకున్న ఇసుక కుప్పలో దిగబడి కారు ఆగింది. అవతల శామీర్‌పేట లారీలు పోతూనే ఉన్నాయి.

బావగారు ఉరికొచ్చి మొదట తడిమింది మడ్‌గార్డుని. నా కూతురు అప్పటికి లోపల ఏడుస్తూనే ఉంది.

"సొట్ట వడ్డది! చేత్తోని కొట్టిన రేకు, మళ్ల యాడికెల్లి తేవాలె?" అని, ఆరేళ్ల నా కొడుకు వైపు తిరిగారు. "ఏం గుంజినవ్ రా? బ్రేకు ముట్టినవా?"

"నేనేం ముట్టలే పెద్దనాయినా."

"ముట్టకుంటె బండి దానంతట అదే నడిసిందా? కోతి!"

అందరూ నవ్వారు. నవ్వడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో! నేను మాట్లాడబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "పూజ పూట లొల్లెందుకే? పిల్లలు మంచిగనే ఉన్నరు గదా, ఇగ ఊకో."

ఊరుకున్నాను. డిగ్రీ చదివి, కళ్లారా చూసి, ఊరుకున్నాను. అంత పెద్ద మనిషి తన తప్పు తెచ్చి పసివాడి నెత్తిన పెట్టి, అక్కడే కూర్చుని రెండోసారి బగారా అన్నం వడ్డించుకున్నాడు. నా కొడుకు ముద్ద ముట్టలేదు. పడుకునేటప్పుడు మెల్లగా అడిగాడు, "అమ్మా, నేను ముట్టుకున్ననా?" అని. వాడికే అనుమానం వచ్చేసింది.

పొద్దున కూతురికి జడలు, కొడుక్కి బొత్తాలు అయ్యాక చెప్పాను.

"నువ్వు ముట్టలే బిడ్డా. రాయి తన్నింది పెద్దనాయిన. నేను జూసిన. జూసి గూడ నిన్న నోరు తెరవలే, గది నా తప్పు. చెప్పులేసుకోండ్రి. బడికి తర్వాత పోదురు గానీ, ముందుగాల పెద్దనాయిన ఇంటికి పోదాం. గీ మాట ఆయన ముందట చెప్త."