సల్లగనే ఉన్నది

సూరత్‌లో నేను అద్దెకున్న గది కింద ఒక మరమగ్గాల మేస్త్రి ఉండేవాడు. తెలంగాణ మనిషి. మెట్లెక్కుతూ ప్రతి స్విచ్‌బోర్డుకూ చేయి తిరగేసి ఆనించేవాడు. కార్ఖానాలో మోటారు వేడెక్కిందేమోనని అలాగే చూస్తారట.

ఒక ఆదివారం మధ్యాహ్నం, స్నేహితుడు తెచ్చిన స్కాచ్ సీసా తెరిచాను. బార్లీని పీట్ అనే మట్టిగడ్డల పొగలో ఆరబెట్టి చేసిన సింగిల్ మాల్ట్. గ్లాసులో పోయగానే గదంతా కాలిన తాడు వాసన. మొదటి గుక్క మింగకముందే ఫ్యాను ఆగిపోయింది. కింద మెయిన్ ఆపేశారు.

"సార్, బయటికి రాండ్రి! ఏదో కాలుతున్నది!" మేస్త్రి తలుపు బాదుతున్నాడు.

మద్యనిషేధం ఉన్న ఊరు. నాకు పర్మిట్ లేదు. మెట్ల మీద ఇరుగుపొరుగు అడుగులు వినిపిస్తున్నాయి. తలుపు తీయక తప్పలేదు.

ఆయన సీసా సంగతే పట్టించుకోలేదు. గోడలన్నీ తడిమి, చివరికి గ్లాసుకు చేయి తిరగేసి ఆనించాడు. ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా వేసుకునే మనిషి, ఆవేళ బనియన్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. మోచేయి దాకా చర్మం కాలి ముడుచుకుపోయి ఉంది.

"సల్లగనే ఉన్నది సార్. గానీ ఏదో కాలుతున్నది."

"భయపడకండి మేస్త్రిగారూ, దీని వాసనే అంత."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"మా తమ్ముడు గూడ గట్లనే అన్నడు సార్. ఏం గాదే అన్నా, మోటర్ వాసనే గట్లుంటది అని."

సాయంత్రం దాకా ఆయన మెయిన్ వేయలేదు. వేయమని నేనూ అడగలేదు.