వేలానికి వచ్చిన పిడికెడు బియ్యం

నేను చర్చిలో లేచి నిలబడి సైనికులకి సాయం చెయ్యొద్దన్నానని మా వైపు చెప్పుకుంటారు. రాజోలు బస్సులో పక్కన కూర్చున్నావిడ, నేనెవరో తెలియక, ఆ కథ నాకే చెప్పింది. అబద్ధం. నేనన్నది వేరు. దాన్ని చివరిదాకా వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మా చర్చి ఆడవాళ్లం ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తాం. ఆదివారం తెచ్చి ప్రభువు బల్ల ముందున్న గంగాళంలో పోస్తాం. మా అమ్మ తీసేది, వాళ్లమ్మ తీసేదిట, కూలికి వెళ్లి తెచ్చుకున్న గింజల్లోంచి కూడా. నెలాఖరుకి పోగైనవి ఎవరూ లేని ముసలివాళ్లకి ఇస్తాం. ఈమధ్య చాలావరకు మా వీధి చివర మామ్మగారికే వెళ్లేవి. నాట్లు వేసీ వేసీ వేళ్లరిగిపోయి, రేషను మిషను మీద ఆవిడ వేలిముద్ర పడటం మానేసింది, రేషను బియ్యం ఆగిపోయేయి. ఆఫీసులో చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు. పింఛను వచ్చేది గానీ, అది మందుల షాపుకే సరి.

సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. టీవీ ఉన్న ప్రతివాళ్లూ సేనాధిపతులైపోయేరు. ఆరాధనకి ముందు కొబ్బరి చెట్ల కింద మగవాళ్లది ఒకటే పాట. పింఛన్లనీ, ఉచిత బస్సులనీ పంచిపెట్టి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు, ఆ సొమ్ముతో యుద్ధ విమానాలు కొనకూడదా అని. అందరికంటే గట్టిగా అంటున్నది మా సంఘం పెద్దగారు. నేను ఊరుకునే మనిషిని కాను. అయితే రేపే సచివాలయానికెళ్లి మీ అమ్మగారి పింఛను వద్దని రాసిచ్చి రండి, అన్నాను. ఆయన నవ్వలేదు. పక్కనున్నాయన మాత్రం, "అంత పని చేస్తే ఆవిడ ఈయన్ని ఇంట్లోకి రానివ్వరండీ" అన్నాడు.

ఆ పూటే ఆరాధన అయ్యేక పెద్దగారు మైకులో ప్రకటించేరు. కోతకాలం పండుగకి కూరగాయలు వేలం వేసినట్టు ఈ నెల పిడికెడు బియ్యం వేలం వేసి, వచ్చింది సైనికుల నిధికి పంపుదామని. అందరూ ఆయ్, అలాగే అన్నారు. నేను లేచేను.

"పంపుదాం. చందా వేద్దాం, నా పేరు ముందు రాసుకోండి. సైన్యానికి దేశమంతా పన్ను కడుతోంది. ఈ గంగాళానికి మనం తప్ప ఎవరూ లేరు. దీన్ని ముట్టుకోకండి."

అంతే. ఇందులో సైనికులకి వద్దన్నది ఎక్కడుంది?

పెద్దగారు నాతో వాదించలేదు, తెలివైనవారు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న మామ్మగారి వైపు తిరిగి, "మీరు చెప్పండి, మీకేమైనా అభ్యంతరమా?" అన్నారు. చర్చి మొత్తం వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూసింది. అందరితో పాటు నేనూ.

"నాకేం అభ్యంతరం బాబూ. అక్కడ పిల్లలు ప్రాణాలొడ్డుతుంటే," అన్నారావిడ, పైట సర్దుకుంటూ.

చప్పట్లు కొట్టేరు.

వేలంలో పట్టుబట్టి పాట నేనే పాడుకున్నాను. మధ్యాహ్నం బస్తా ఆటోలో వేసుకుని మామ్మగారింటికి తీసుకెళ్లేను. గెలిచేననే అనుకున్నాను కూడా. ఆవిడ గుమ్మంలోనే ఆపేశారు.

"అవి సైనికుల బియ్యం తల్లీ. నలుగురిలో ఇచ్చేసేనుగా. ఇంకెలా వండుకోను?"

సైనికులకి వెళ్లేది డబ్బు, బియ్యం కాదు, ఇవి నేను కొన్నవి అని చెప్పేను. రకరకాలుగా చెప్పేను. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. పోనీ మా ఇంట్లోవి వేరే తెస్తానంటే, నా మాట తిరగెయ్యమంటావా అన్నారు. తలుపు మెల్లగా దగ్గరికి వేశారు. గొళ్లెం పెట్టిన చప్పుడు కూడా మెల్లగానే వినబడింది.

ఖతర్ నుంచి మా ఆయన ఫోనులో, నలుగురితో పాటు ఆయ్ అనేస్తే పోయేదిగా, అన్నారు. మా ఆయనక్కూడా నేను పూర్తిగా చెప్పలేకపోయాను. మధ్యలో ఆయన్నెవరో పిలిచేరు, వెళ్లిపోయేరు.

మర్నెల నుంచి పంపకం మామూలుగానే జరుగుతోంది. మామ్మగారు పెద్దగారి చేతుల మీదుగా తీసుకుంటున్నారు. కాల్పులు ఆగిపోయేయి, కొబ్బరి చెట్ల కింద కబుర్లు రొయ్యల ధరల మీదికి మళ్లేయి. వేలం అయిన దగ్గర్నుంచీ చర్చి బెంచీలో నాకు రెండువైపులా ఏర్పడ్డ ఖాళీ మాత్రం అలాగే ఉంది. గంగాళం దగ్గరికి నేనెళ్తే ముందున్నవాళ్లు మర్యాదగా తప్పుకుంటారు. రండి అంటారు, అంతకుమించి మాట్లాడరు. బస్తా మా వంటింటి మూలనే ఉంది. పురుగు పట్టింది. చెరుగుదామని చేట తీస్తాను, మళ్లీ పెట్టేస్తాను. నా ఒక్కదానికీ వండుకునేదెంత గనక. ఆ వండుకునేదాంట్లోంచే పిడికెడు తియ్యడం మాత్రం మానలేదు.

మామ్మగారు వీధిలో ఎదురైతే, బాగున్నావా తల్లీ అంటారు గానీ ఆగరు. విమానాల గురించీ పింఛన్ల గురించీ ఇప్పుడెవరితోనూ వాదించాలని లేదు. ఆవిడ ఒక్క నిమిషం ఆగితే ఒక్కటే అడుగుతాను.

ఆ నెలంతా ఏం తిన్నారండీ మామ్మగారూ?