నేను మింగేసిన ‘రే’ అక్షరం

1968, వానాకాలం మొదలు. రామన్నపేట తాలూకా ఆఫీసులో సర్టిఫికెట్లు రాసే గుమాస్తాను నేను. పెద్ద చదువుల్లో వెనుకబడిన కులాల పిల్లలకు సీట్లు కేటాయించే జాబితా కోర్టు మెట్లెక్కి దిగి, ఆ ఏడాది మా బల్లల మీదికి వచ్చింది. సీట్లు ఇచ్చేవాళ్ళు ఎక్కడో హైదరాబాదులో ఉంటారు. తహసీల్దారు ముద్ర పడిన కులధ్రువీకరణ పత్రం లేకపోతే మాత్రం దరఖాస్తు ముందుకు కదలదు. ఆ పత్రం నా చేతిమీదుగా తయారయ్యేది. దాచుకోవడమెందుకు, అప్పట్లో నాకు కాస్త పొగరుండేది.

ఒకనాడు పొద్దున్నే చిట్యాల అవతలి పల్లె నుంచి బీరయ్య అనే గొర్రెలకాపరి, కూతురు యాదమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కాగితాల చుట్ట. ఆ అమ్మాయి నల్గొండలో పి.యు.సి. ఫస్టు క్లాసులో ప్యాసై, డాక్టరీ చదువుకు దరఖాస్తు పెడుతోంది. గడువు ఇంకా ఐదు రోజులే ఉంది.

“జర జల్దీ రాసియ్యుండ్రి సారూ. సీటొస్తే మా కురుమోళ్ళల్ల మొదటి డాక్టరమ్మ ఐతది” అన్నాడు బీరయ్య.

మేము ముందుగా చూసేది ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టు, అంటే బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం. అందులో కులం గడిలో ఏముంటే అదే మాకు ఆధారం. చూశాను. ‘కమ్మ’ అని ఉంది.

చదివి వినిపిస్తే బీరయ్య పగలబడి నవ్వాడు. “మమ్ముల కమ్మోళ్ళను జేసిండ్రా? జేస్తే జేసిండ్రు, గా భూములు గూడ రాసిచ్చేదుండె గద సారూ!”

ఆఫీసంతా నవ్వింది. యాదమ్మ నవ్వలేదు. “నవ్వకు బాపూ. గిది గట్లనే ఉంటె నాకు సీటు రాదు” అంది.

తప్పు మొదట ఎక్కడ పడిందో చూద్దామని మర్నాడు నేనే బస్సెక్కి వాళ్ళ ఊరి బడికి వెళ్ళాను. అడ్మిషన్ రిజిస్టరు, అంటే పిల్లలు బడిలో చేరినప్పుడు పేరూ కులమూ ఎక్కించే పుస్తకం, తెరిచాను. ‘కమ్మ’ అని రాసిన ఆ గుండ్రటి దస్తూరీ నాదే.

1957లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉర్దూలో ఉన్న పాత రిజిస్టర్లను తెలుగులోకి ఎత్తి రాసే పని నాకు అప్పగించారు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. షికస్తా, అంటే ఉర్దూ గొలుసుకట్టు రాత, గడగడా చదువుతానని పేరు. ఉర్దూలో కురుమ అని రాస్తే కాఫ్, రే, మీమ్, అంటే క, ర, మ అక్షరాలు కనబడతాయి. మధ్యలో ఉకారాలు రాయరు. ‘రే’ తప్పిపోతే అదే కమ్మ. పాత పంతులు హడావిడిలో ‘రే’ను చిన్న కొక్కెంలా లాగి వదిలేశాడు. నేను దాన్ని మింగేశాను. పదకొండేళ్ళు ఆ గడితో ఎవరికీ పని పడలేదు, కాబట్టి ఎవరూ చూడలేదు.

బడి పెట్టెలో ఉర్దూ రిజిస్టరు కూడా దొరికింది. దాన్ని చంకన పెట్టుకొని బస్సులో కూర్చున్నప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది. పంతులు పోయి చాలా ఏళ్ళైంది. తప్పు ఆయనదేనని చెబితే కాదనేవాళ్ళు లేరు. రామన్నపేట వచ్చేదాకా అదే ఆలోచన. బస్సు దిగేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

మా తహసీల్దారు కోస్తా జిల్లాల మనిషి. మంచివాడే గాని ఉర్దూ రాదు. ఆఫీసులో ఆ గొలుసుకట్టు రాత చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే.

“ఇది ‘రే’ అని ఎవరు చెబుతారు?” అని అడిగాడు.

“నేనేనండి.”

“అప్పుడు తప్పు చదివింది?”

“అదీ నేనేనండి.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఏమయ్యా, నీ మాట ఎలా నమ్మను? తప్పు నీదని రాసివ్వు. అది నీ సర్వీసు రిజిస్టరుకెక్కుతుంది, ఆలోచించుకో. దానికి తోడు ఆ ఊరి పంచాయతీ తీర్మానం కావాలి.”

నేను రాసిచ్చాను. పంచాయతీ దగ్గర నాకింకో భయం పట్టుకుంది. సర్పంచు మోతుబరి రైతు, ఆయన తమ్ముడి కొడుకు కూడా డాక్టరీ చదువుకే దరఖాస్తు పెట్టాడని విన్నాను. సభ్యులంతా ఆయన ముఖం వంకే చూస్తున్నారు. బీరయ్య గుమ్మం బయట గొంగడి నలుపుతూ నిలబడ్డాడు.

“మా పోరగాడు గూడ పెట్టుకున్నడు, నిజమే” అన్నాడు సర్పంచు. “గని బీరయ్య కురుమ గాదని ఏ నోటితోని అంటరు? వాళ్ళు నేసిన గొంగడి కప్పుకోని మనిషి గీ ఊర్ల ఉన్నడా? రాయుండ్రి. మొదటి దస్కత్ నాది.”

ఆయన సంతకం కింద మిగతా సభ్యుల సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. గడువుకు ఒక రోజు ముందే తహసీల్దారు ముద్ర వేశాడు. నా సర్వీసు రిజిస్టరులోనూ ఎర్ర సిరాతో ఒక వాక్యం పడింది. ప్రమోషను వెనక్కిపోయింది. బాధపడలేదంటే అబద్ధం.

పత్రం అందుకుంటూ యాదమ్మ అంది: “సారూ, మీరు నాకు యాదికున్నరు. నేను రెండో తరగతిల ఉన్నప్పుడు మా బడి అరుగు మీద కూసోని రాస్తుంటిరి. చెంబుల నీళ్ళు దెచ్చిచ్చింది నేనే.”

ఆ అమ్మాయికి సీటొచ్చింది. నేను రిటైరయ్యేదాకా ఏ గడి నింపినా ముందు ఎదుటి మనిషిని అడిగాను, రాసింది చదివి వినిపించాను, ఔనంటేనే పై అధికారి దగ్గరికి పంపాను. తోటివాళ్ళు చాదస్తమని నవ్వేవాళ్ళు. వాళ్ళకు చెప్పని సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆనాడు బడి అరుగు మీద ఆ గడి దగ్గర నా కలం ఆగింది. మధ్యలో ఉన్నది అక్షరమా, సిరా మరకా అని అనుమానం వచ్చింది. నీళ్ళు తాగి, చెంబు తిరిగిచ్చేసి, ‘కమ్మ’ అని రాసేశాను. అడగవలసిన మనిషి ఆ చెంబు పట్టుకొని నా ఎదురుగానే నిలబడి ఉంది.