మంచు కింద నుంచి ఎంకపల్లి దాకా

నవంబరులో ఉత్తర సరిహద్దు దగ్గర ఒక కంటోన్మెంటులో దిగాను. ట్రక్కు ఆగేసరికి మీసాల మీద మంచు పేరుకుంది. చుట్టూ తెల్లటి కొండలు. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటును. మిలిటరీ దవాఖానలో ఎమ్మారై స్కానింగు గదికి వేశారు. అక్కడి యంత్రం పెద్ద అయస్కాంతం, అందుకే ఆర్డరు ఒక్కటే: లోహం గడప దాటకూడదు. బెల్టు, గడియారం, మెడలోని గుర్తింపు బిళ్ల బయట విప్పి లోపలికి వెళ్లేవాణ్ణి.

జనవరిలో ఒక రేడియో ఆపరేటరును తెచ్చారు. కొండ మీది కాపలా పోస్టులో మంచుచరియ కింద కూరుకుపోయి బతికిన మనిషి. నడుము దెబ్బతింది. ఎడమ కాలు రోజురోజుకూ చచ్చుబడుతోంది. నరం ఎక్కడ నలిగిందో తెలిస్తేనే ఆపరేషన్ అన్నాడు సర్జన్. ఊపిరితిత్తులు బలహీనం, మత్తు ఇవ్వడానికి వీల్లేదు. మెలకువగా, కదలకుండా పడుకోవాలి.

మొదటిసారి తల ఆ యంత్రం గొట్టంలోకి పోగానే కేకపెట్టాడు. బయటికి లాగాం. ఒళ్లంతా చెమట.

"మంచు మీదికొస్తున్నది," అన్నాడు తెలుగులో.

"ఏ ఊరు తమ్మీ?"

"మొయినాబాద్ దిక్కన్నా. ఎంకపల్లి."

మాది సురంగల్, అదే మండలం. అంత దూరంలో ఆ పేరు వినేసరికి అతని చెయ్యి పట్టుకున్నాను.

నర్సింగ్ కెప్టెన్ మేడం మా ఇద్దరినీ చూసింది. "ఈసారి కాళ్లవైపు నుంచి పంపుదాం. తల అంచు దగ్గరే ఉంటుంది. నువ్వు పక్కన నిలబడి మాట్లాడు," అంది.

మర్నాడు ముందుగా యంత్రం ఆగి ఆగి చేసే చప్పుడు ఎలా ఉంటుందో అతనికి చెప్పాను. కళ్లకు గుడ్డ కట్టాను. భుజం మీద చెయ్యి వేశాను.

"మొయినాబాద్‌ల బస్సు దిగినం. మీ ఇంటికి పోదాం. తొవ్వ నువ్వే చెప్పు."

చప్పుడు మొదలైతే మాట ఆగేది. భుజం బిగుసుకునేది. వేళ్లతో మెల్లగా తట్టేవాణ్ణి. చప్పుడు ఆగగానే మళ్లీ నడిచేవాళ్లం.

"ఏడికొచ్చినం?"

"గులాబీ తోటలు దాటినం. చర్చి కనవడుతున్నది."

నాకూ కనిపించింది. ఆ ఎర్రమట్టి వాసన కూడా తగిలింది.

"ఇంట్ల ఎవలెవలున్నరు?"

"నా భార్య, బిడ్డ. బిడ్డ పుట్టినంక నేను పోనే లేదు. ఫోన్లనే చూసిన. ఎత్తుకోలే."

మళ్లీ చప్పుడు. ఈసారి భుజం బిగుసుకోలేదు.

"అయిపోయింది," అన్నాడు టెక్నీషియన్ హవల్దార్ మైకులో. బల్ల బయటికి జరిగింది.

"జర ఆగుమనన్నా," అన్నాడతను. "ఇంకా ఇంట్లకు పోలే."

ఆపరేషన్ జరిగింది. కాలికి బలం వచ్చింది. చేతికర్రతో ఇంటికి విమానమెక్కాడు.

కొన్నేళ్లకు నేను పెన్షన్‌తో తిరిగొచ్చి మొయినాబాద్‌లో బస్సు దిగాను. అతను చెప్పిన తోటల చోట ఫాంహౌస్‌ల గోడలు లేచాయి. వాళ్లింటికి వెళితే బిడ్డ గుమ్మంలో నిలబడి, "మా బాపు పొలం కాడున్నడు" అంది.

ఇప్పటికీ నన్ను వదలనిది ఒక్కటే. బల్ల బయటికి వచ్చిన ఆ క్షణం. కళ్లకు గుడ్డ అలాగే ఉంది. అతని రెండు చేతులూ ఛాతీ మీది నుంచి లేచాయి. అరచేతులు పైకి తిప్పి, ఎవరో బిడ్డను అందిస్తున్నట్టు ఆగిపోయాయి. గుడ్డ ముడి విప్పడానికి వంగాను. చాలాసేపు విప్పలేకపోయాను.