జంపయ్య పెంచిన బూజు

ఏన్కూరు రైసుమిల్లులో జంపయ్య ఇరవై రెండేళ్లు బూజుతో యుద్ధం చేశాడు. తేమ తగిలిన తవుడు ఎండబోయడం, బస్తాల మధ్య వేపాకు వేసి పసుపు చల్లడం అతని పని. అలాంటి మనిషి యాభయ్యో ఏట బూజును పెంచే ఉద్యోగంలో చేరితే ఊరు నవ్వకుండా ఎలా ఉంటుంది?

తవుడు, గింజలొలిచిన మొక్కజొన్న బెండ్ల నుంచి ఇథనాల్ తీసే చిన్న కేంద్రం ఒకటి అడవి అంచున వెలిసింది. వాటిని పలచని ఆమ్లంలో ఉడకబెట్టి మెత్తబరచాలి. సున్నంతో ఆ పులుపు విరిచి, చల్లారాక బూజు చల్లాలి. బూజు ఆ పిప్పిని చక్కెర చేస్తే, ఈస్టు దాన్ని పులియబెడుతుంది. పులిసిన నీళ్లను కాచి ఆవిరి పడితే బండ్లలో పోసే ఇంధనం. బూజు గుణం జంపయ్యకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికి తెలుసు? పిలిచి మరీ పెట్టుకున్నారు.

"హైదరాబాదు నుంచి పెద్దసారొచ్చే రోజుకు ఇంధనం ఎలిగించి నీలిమంట చూపియ్యి. నిన్ను పర్మనెంట్ చేయిస్త" అన్నాడు డైరెక్టర్ వెంకటనారాయణ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజుకూలీగానే బతికిన జంపయ్యకు ఆ మాట గుండెలో దిగింది. పిప్పి నింపిన ఎనిమిది డ్రమ్ములనూ చంటిపిల్లల్లా సాకాడు. ఇంటికెళ్లినా వాటి ముచ్చటే. "నన్నెప్పుడన్నా గిట్ల చూసినవా?" అని పెళ్లాం దుర్గ దెప్పింది.

బూజు చల్లిన రోజే డైరెక్టర్ పూజ పెట్టించాడు. డ్రమ్ములకు బొట్లు పెట్టి ఊరుకుంటే బాగుండేది. మూతలు తీయించి, ఒక్కోదాంట్లో పళ్లెం నిండా పసుపు పోయబోయాడు.

"సార్, బయట ఎంతన్న పెట్టుండ్రి, లోపల పొయ్యకుండ్రి. పసుపు తగిల్తే బూజు చస్తది. మిల్లుల నేను చంపింది గట్లనే."

"పీహెచ్‌డీ చేసింది నేనా, నువ్వా? శుభమాని పసుపేస్తుంటే చావంటవేంది!"

నలుగురూ పగలబడి నవ్వారు. జంపయ్యకు తల కొట్టేసినట్టయింది. ఏడు డ్రమ్ములు పచ్చబడేలోగా ఎనిమిదోదాన్ని గోనెసంచుల చాటుకు నెట్టేశాడు.

పెద్దసారు వచ్చేనాటికి ఆ ఏడింట్లో పసుపునీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. చాటు డ్రమ్ములోది మాత్రం పండింది. దాన్నుంచి దించిన సీసాడు ఇంధనాన్ని జంపయ్యే వెలిగించాడు. మంట నీలంగా లేచింది. పెద్దసారు చప్పట్లు కొట్టాడు. డైరెక్టర్ సీసా లాక్కుని ఫొటోకు నిలబడ్డాడు. ఇక పర్మనెంటే అనుకుని జంపయ్య కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు విచారణ జరిగింది. పూజ అందని డ్రమ్ము ఒకటి ఉండటం వల్లే మిగతా ఏడింటికీ దోషం తగిలిందని డైరెక్టర్ తేల్చాడు. దాచినవాణ్ని పనిలోంచి తీసేశాడు. చదువుకున్నవాడి మూఢత్వానికి సర్టిఫికెట్ కూడా ఉంటుంది, ఎవరు ఎదురు చెబుతారు?

నెల తర్వాత జంపయ్య మళ్లీ మిల్లులో ఉండగా డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"బూజు పడ్తలేదు జంపయ్యా. రెండుసార్లు పూజ చేయించినం. ఏం జెయ్యాలె?"

జంపయ్య చేతిలో పసుపు పళ్లెం ఉంది.

"పసుపు సరిపోనట్టుంది సార్. ఇంకో పళ్లెం పొయ్యుండ్రి" అని ఫోన్ పెట్టేసి, బస్తాల మీద పసుపు చల్లుకుంటూ పోయాడు.