కొంగుముడిలో వాము

రాజాం నుంచి విజయనగరం ఆసుపత్రికి బస్సులో వెళ్తున్నాం. కొన్నాళ్లుగా మా ఆయన కడుపులో గంజి కూడా నిలవడం లేదు. చీపురుపల్లి దాటాక మళ్లీ వాంతి చేసుకుని, "ఇక నా వల్ల కాదే" అంటూ నా భుజం మీద వాలిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పక్కసీటులో ఖాళీ చేపల గంపతో కూర్చున్న ముసలమ్మ కొంగుముడి విప్పి, ఆయన అరచేతిలో చిటికెడు వాము పోసింది.

"నవులు బావూ. బుగ్గనెట్టుకుని రసం మింగు."

"తగ్గుతుందా అమ్మా?" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ మాట నానెలా సెప్తాను తల్లీ? మా ముసిలోడికీ ఇదే ఎట్టినాను. ఆకరిదాకా నోటికి రుసి తెలిసినాది."

ఆయన నమిలి, "కారంగా ఉందే" అన్నాడు.

ఆయన పోయాక కూడా నా కొంగున వాము ఉంటోంది. బస్సులో ఎవరైనా కడుపు పట్టుకుంటే ముడి విప్పుతాను. తగ్గుతుందా అని మాత్రం వాళ్లు నన్ను అడగకూడదని దేవుడికి దండం పెట్టుకుంటాను.